గ్రాంటు వచ్చింది, గంటలు రాలేదు: వైద్యుల చేతిలో పరిశోధనశాల

శాంక్షన్ ఆర్డర్ వచ్చిన రోజు విభాగంలో స్వీట్లు పంచుతారు. డీన్ పిలిచి అభినందిస్తారు. వాట్సాప్ గ్రూపు శుభాకాంక్షలతో నిండిపోతుంది. ఆ తర్వాతి సోమవారం ఓపీ గది ముందు క్యూ మాత్రం ఎప్పుడూ ఉన్నంతే ఉంటుంది. పరిశోధన నిధులు గెలుచుకున్న డాక్టరుకు ఆ రోజు నుంచి రెండో ఉద్యోగం మొదలవుతుంది, మొదటి ఉద్యోగంలో ఒక్క గంట కూడా తగ్గదు.

మన దేశంలో వైద్యులకు అందుబాటులో ఉన్న పరిశోధన నిధులు తక్కువేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 'స్మాల్ గ్రాంట్' పేరుతో ఇచ్చేదే రూ.2 కోట్ల వరకు ఉంటుంది. 2008లో మొదలై హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ వైద్యులకు ప్రత్యేకంగా ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఆ కార్యక్రమం మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం రూ.1,500 కోట్లలో రూ.1,000 కోట్లు బయోటెక్నాలజీ విభాగానివి, రూ.500 కోట్లు బ్రిటన్‌కు చెందిన వెల్కమ్ ట్రస్టువి. ఇంత డబ్బు వస్తున్నా ఆస్పత్రుల్లో వైద్యులు నడిపే ల్యాబులు మొదటి ఏడాదంతా ఎందుకు కదలవు? మెషీన్ వచ్చాక మనుషులు, మనుషులు కుదిరాక శాంపిళ్లు ఎందుకు దొరకవు? వైద్యుల అసమర్థతే కారణమనుకుంటే పొరపాటు. సమస్య ఏర్పాటులోనే ఉంది.

క్లుప్తంగా

గ్రాంటు పరికరాలకు, రసాయనాలకు, ప్రాజెక్టు సిబ్బందికి డబ్బిస్తుంది. ల్యాబ్ నడపాల్సిన వైద్యుడి సమయాన్ని మాత్రం మన దగ్గర ఎవరూ కొనివ్వరు. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఆ సమయానికి ఒక లెక్క ఉంది. దీనికి తోడు డబ్బు ఆర్థిక సంవత్సరం ప్రకారం నడుస్తుంది, శాంపిళ్లు వార్డు ప్రకారం వస్తాయి, సిబ్బంది తమ భవిష్యత్తును బట్టి ఉంటారు లేదా వెళ్లిపోతారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి కుదరని చోటే ల్యాబులు చిక్కుబడుతున్నాయి.

బడ్జెట్‌లో లేని పద్దు

గ్రాంటు దరఖాస్తులో పరికరాలు, వినియోగ సామగ్రి, సిబ్బంది, ప్రయాణాలు, ఇతర ఖర్చులు, సంస్థకు ఇచ్చే ఓవర్‌హెడ్ అని పద్దులుంటాయి. ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, అంటే ప్రాజెక్టుకు బాధ్యుడైన పీఐ, వారంలో ఎన్ని గంటలు ఈ పనికి ఇస్తారో రాసే గడి కూడా ఒకటుంటుంది. ఆ గడిలో అంకె వేస్తారు గానీ దాని ఎదురుగా డబ్బుండదు. పర్మనెంట్ ఉద్యోగంలో ఉన్న పీఐ జీతాన్ని ఐసీఎంఆర్ వంటి సంస్థల గ్రాంటు భరించదు. కాబట్టి ఆ వైద్యుడు ఓపీ వదిలి ల్యాబ్‌లో కూర్చున్న ప్రతి గంటా ఆస్పత్రి లెక్కలో నష్టంగానే కనిపిస్తుంది. విభాగాధిపతి ఒప్పుకోకపోతే అది ఆయన మొండితనమని తేల్చేయలేం. ఆయన దగ్గర ఉన్న డ్యూటీ చార్టులో మనుషులు అంతే, రోగులు అంతే.

అమెరికాలో సర్దుబాటు వేరుగా ఉంటుంది. జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) కొత్తగా పరిశోధనలోకి వచ్చే వైద్యులకు ఇచ్చే కే08, కే23 అవార్డుల్లో వృత్తి సమయంలో కనీసం 75 శాతం పరిశోధనకే కేటాయించాలన్నది షరతు. కొన్ని శస్త్రచికిత్స విభాగాలకు 50 శాతం సరిపోతుంది. ఆ సమయానికి తగ్గ జీతంలో కొంత భాగం గ్రాంటు నుంచే విభాగానికి వస్తుంది. ఆ డబ్బుతో క్లినిక్‌లో మరో డాక్టరును పెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో కన్సల్టెంట్ వైద్యుడి వారాన్ని నాలుగేసి గంటల పది భాగాలుగా లెక్కగట్టి జాబ్ ప్లాన్ రాస్తారు. పరిశోధనకు రెండు భాగాలిచ్చారంటే అది కాగితం మీద ఉంటుంది. క్లినికల్ లెక్చరర్ పోస్టుల్లో సగం వైద్యం, సగం పరిశోధన అని ముందే తేల్చేస్తారు.

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. పరిశోధన చేసే వైద్యుడు 'అంతరించిపోతున్న జాతి' అని జేమ్స్ వింగార్డెన్ అమెరికాలోనే 1979లో హెచ్చరించారు. ఆయన తర్వాత ఎన్‌ఐహెచ్‌కే డైరెక్టరయ్యారు. ఆ దేశంలోనూ క్లినిక్ ఆదాయం తగ్గితే విభాగాలు ముందు చూసేది పరిశోధనకు వదిలిన గంటలనే. తేడా ఒక్కటే. అక్కడ ఆ గంటలు లాక్కోవాలంటే రాసుకున్న షరతును మీరాలి. మన దగ్గర మీరడానికి షరతే ఉండదు, 'చూద్దాం లెండి' అన్న నోటిమాట తప్ప.

'కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుక్కలా ఉండాలి' అన్నట్టు ఓపీ తగ్గకూడదు, పేపర్లు రావాలి అన్నది చాలా సంస్థల ధోరణి. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇది ఇంకా సూటిగా తెలుస్తుంది. వైద్యుడి రాబడి రోగుల సంఖ్యతో ముడిపడిన చోట పరిశోధన గంట ఆయన సొంత జేబు నుంచి పోతుంది.

ఇక్కడ గమనించాల్సినది బేరమాడే సమయం. దరఖాస్తుతో పాటు సంస్థాధిపతి సంతకంతో హామీపత్రం పంపాలి. సంస్థకు గ్రాంటు కావాలి, వైద్యుడికి సంతకం కావాలి. ఇద్దరికీ అవసరం ఉన్నది ఆ ఒక్క సందర్భంలోనే. వారంలో ఏ రోజు ఓపీ ఉండదో, ఆ రోజు ఎవరు చూస్తారో ఆ కాగితంలో చేరితే మూడేళ్లు పనికొస్తుంది. శాంక్షన్ వచ్చాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పైగా అయిదు రోజుల్లో రోజుకో గంట దొరకడం, ఒక రోజు పూర్తిగా దొరకడం ఒకటి కాదు. ల్యాబ్‌లో ప్రయోగం ఎందుకు తప్పిందో కనుక్కోవాలంటే నోటుబుక్కు, మెషీన్, చేసిన మనిషి ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి చూడాలి. రౌండ్లకీ కేస్ ప్రెజెంటేషన్‌కీ మధ్య దొరికిన ముప్పావుగంటలో అది తేలదు.

మార్చి 31

గ్రాంటు మూడేళ్లదైనా డబ్బు ఏడాదికోసారి, విడతల్లో వస్తుంది. రెండో విడత రావాలంటే మొదటి విడత ఖర్చు లెక్క, వినియోగ ధ్రువపత్రం పంపాలి. ఆఫీసు భాషలో దీన్ని యూసీ అంటారు. కేంద్ర ఆర్థిక నియమావళి (జీఎఫ్‌ఆర్) 2017 ప్రకారం దానికి 12-ఏ అనే నమూనా ఉంది. నిధి మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ కూడా ప్రాజెక్టుది కాదు, భారత సంచిత నిధికి వెనక్కి కట్టాలి. ట్రెజరీ సింగిల్ అకౌంట్ పద్ధతిలో నిధులొచ్చే సంస్థల్లో అసలు డబ్బు చేతికే రాదు. ఖర్చు పెట్టుకునే పరిమితి మాత్రమే వస్తుంది, మార్చి 31 రాత్రితో వాడని పరిమితి రద్దయిపోతుంది.

ఈ క్యాలెండర్‌ను వార్డు క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. డెంగీ మీద పరిశోధన అనుకుందాం. కేసులు వర్షాకాలంలో, ఆ తర్వాతి నెలల్లో వస్తాయి. మొదటి విడత జూన్‌లో విడుదలైతే స్పెసిఫికేషన్లు రాయడం, కొనుగోలు కమిటీ, టెండరు, సాంకేతిక పరిశీలన, ధరల బిడ్డు తెరవడం పూర్తయ్యేసరికి దసరా, దీపావళి దాటుతాయి. మెషీన్ దిగే నాటికి వార్డులో డెంగీ రోగులుండరు. ఫిబ్రవరిలో అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోనొస్తుంది, 'సార్, బ్యాలెన్స్ ఎక్కువుంది, ఖర్చు చూపించాలి' అని. అప్పుడు కొనే రసాయనాల్లో కొన్ని మళ్లీ వర్షాకాలం వచ్చేలోపు గడువు తీరిపోతాయి. ఎవరూ తప్పు చేయలేదు, నియమాలన్నీ పాటించారు. ఒక సీజన్ మాత్రం పోయింది.

ధరలు కూడా దరఖాస్తు రాసిన రోజున ఉన్నట్టు ఉండవు. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలకు అంతకుముందు 5 శాతం జీఎస్టీ వర్తించేది. 2022 జూలై 18 నుంచి ఆ రాయితీ తీసేయడంతో పన్ను 18 శాతానికి చేరింది. రూ.40 లక్షల పరికరం మీద తేడా రూ.5.2 లక్షలు. అప్పటి రేటు ప్రకారం ఒక జూనియర్ రీసెర్చ్ ఫెలోకు (జేఆర్‌ఎఫ్) నెలకు రూ.31,000 చొప్పున ఏడాదికిచ్చే రూ.3.72 లక్షలకన్నా అది ఎక్కువ. పద్దుల మధ్య డబ్బు మార్చడానికి నిధులిచ్చిన సంస్థ అనుమతి కావాలి కాబట్టి, అది వచ్చేదాకా ఆ మెషీనో ఆ మనిషో ఆగాలి. 2024 జూలై బడ్జెట్‌లో దిగుమతి చేసుకునే ల్యాబ్ రసాయనాల మీద సుంకం 10 శాతం నుంచి ఏకంగా 150 శాతానికి పెరిగింది. శాస్త్రవేత్తల నుంచి నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి తెచ్చుకునేవారికి మళ్లీ 10 శాతం చేశారు. ఆ కొద్ది రోజుల్లో ఆర్డర్లు పెట్టాల్సినవారు మాత్రం ఎటూ తేల్చుకోలేకపోయారు.

సడలింపులూ వస్తున్నాయి. 2025 జూన్‌లో శాస్త్ర పరిశోధన విభాగాలకు కొనుగోలు పరిమితులు పెంచారు. కొటేషన్ లేకుండా నేరుగా కొనే పరిమితి రూ.1 లక్ష నుంచి రూ.2 లక్షలకు, కమిటీ ద్వారా కొనే పరిమితి రూ.10 లక్షల నుంచి రూ.25 లక్షలకు చేరాయి. ప్రత్యేక పరికరాల్ని ప్రభుత్వ ఈ-మార్కెట్‌లో (జెమ్) కాకుండా బయట కొనే అధికారం సంస్థాధిపతులకిచ్చారు. ఐసీఎంఆర్ కూడా ఆ విభాగాల్లో ఉంది. ఒక ప్రత్యేక యాంటీబాడీ కోసం జెమ్‌లో వెతికి, అక్కడ దొరకదన్న ధ్రువపత్రం తీసి, ఫైలు పెట్టి వారాలు పోగొట్టుకున్నవారికి ఇది చిన్న ఊరట కాదు. అయితే అధికారం సంస్థాధిపతికి వచ్చింది, పీఐకి కాదు. ఆడిట్ అభ్యంతరం భయంతో ఆ అధికారం వాడని చోట ఫైలు పాత దారిలోనే నడుస్తుంది.

ఊదా మూత గొట్టం

వైద్యుడికి ల్యాబ్ ఉండటంలోని అసలు బలం రోగి మంచం దగ్గరే ఉండటం. బలహీనత కూడా అక్కడే మొదలవుతుంది.

రాత్రి పదకొండుకు ఐసీయూలో కొత్త రోగి చేరతారు. అధ్యయనానికి సరిపోయే కేసు. డ్యూటీ పీజీ ఊదా మూత గొట్టంలో రక్తం తీసి, లేబుల్ మీద పెన్నుతో నంబరు రాసి ట్రేలో పెడతారు. ల్యాబ్ టెక్నీషియన్ వచ్చేది ఉదయం తొమ్మిదిన్నరకు. ఆ పదిన్నర గంటలూ గొట్టం గది ఉష్ణోగ్రతలో ఉంటుంది. రక్తకణాలు ఆ రక్తంలోని గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. వేరుచేయని రక్తంలో అది గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఆర్‌ఎన్‌ఏ చెదురుతుంది, కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది. అదే పగలు ఓపీలో తీసిన రక్తం అరగంటలో, దాన్ని వేగంగా తిప్పి భాగాలుగా వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో తిరిగి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోకి చేరుతుంది.

ఇప్పుడు ఐసీయూ రోగుల రక్తాన్ని ఓపీ రోగుల రక్తంతో పోల్చితే తేడా కచ్చితంగా కనిపిస్తుంది. అది జబ్బు తీవ్రత వల్ల వచ్చిందా, ట్రేలో గడిచిన రాత్రి వల్ల వచ్చిందా అన్నది తర్వాత ఏ గణాంక పద్ధతీ పూర్తిగా విడదీయలేదు. రక్తం తీసిన టైమూ ఫ్రీజర్‌లో పెట్టిన టైమూ రాసి ఉంటే కొంతవరకు సరిదిద్దవచ్చు, ఆ రెండూ లేకపోతే అదీ లేదు. అందుకే ల్యాబ్ పెట్టిన మొదటి నెలలో కొనాల్సింది జన్యుక్రమం చదివే ఖరీదైన సీక్వెన్సర్ కన్నా ముందు బార్‌కోడ్ లేబుళ్లు, శాంపిల్ రిజిస్టరు, రాత్రి పూట సెంట్రిఫ్యూజ్ నడపగల ఒక మనిషి. వీటికి దరఖాస్తులో రెండు లైన్లకు మించి చోటివ్వరు.

ఫ్రీజర్‌దీ ఇదే కథ. మెషీన్ పద్దులో అది ఉంటుంది. దాన్ని జనరేటర్ లైన్‌కు కలపడం, గది ఏసీ, అలారం మోగితే అర్ధరాత్రి ఎవరి ఫోన్‌కు వెళ్లాలి అన్నవి ఏ పద్దులోనూ ఉండవు. వేసవిలో ఒక ఆదివారం కరెంటు పోయి, అలారం ఖాళీ గదిలో మోగితే రెండేళ్ల శాంపిళ్లు ఒకేసారి కరుగుతాయి. వాటిని మళ్లీ తీసుకోవడానికి ఆ రోగులు ఉండరు.

తర్ఫీదు పొందినవారు వెళ్లే వేళ

ప్రాజెక్టు ఉద్యోగం ప్రాజెక్టుతో ముగుస్తుంది. ప్రాజెక్ట్ రీసెర్చ్ సైంటిస్టు, ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్ అని పోస్టులుంటాయి. ప్రకటన, ఇంటర్వ్యూ, చేరిక పూర్తయ్యేసరికి కొన్ని నెలలు గడుస్తాయి, పని నేర్చుకోవడానికి మరికొన్ని నెలలు. పైపెట్ పట్టుకునే చేయి కుదిరి, ఫలితాలు ఒకరోజుకీ ఇంకోరోజుకీ సరిపోలడం మొదలయ్యే సమయానికి మూడో ఏడాది దగ్గరపడుతుంది. అప్పటికే వారు పీహెచ్‌డీ సీటు కోసమో, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని బయోటెక్ కంపెనీలో ఉద్యోగం కోసమో ప్రయత్నాల్లో ఉంటారు. ఉండాలి కూడా. 2023లో జేఆర్‌ఎఫ్ ఉపకార వేతనం నెలకు రూ.37,000కు, సీనియర్ ఫెలోది రూ.42,000కు పెరిగింది. అయినా ముగింపు తేదీ రాసిపెట్టి ఉన్న ఉద్యోగాన్ని నమ్ముకోమని ఎవరికీ చెప్పలేం.

శాస్త్ర సంస్థల్లో పీఐ ల్యాబ్ పక్క గదిలోనే ఉంటారు. ఒకరు వెళ్తే మరొకరికి తానే నేర్పుతారు. వైద్యుడికి ఆ అవకాశం తక్కువ. చాలామందికి ఆ ప్రయోగం తన చేత్తో చేసిన అనుభవమూ ఉండదు, ఎండీ థీసిస్‌కు మించి ల్యాబ్ శిక్షణ దొరకలేదు కాబట్టి. జాతీయ వైద్య కమిషన్ బోధకులకు, పీజీలకు తప్పనిసరి చేసిన ప్రాథమిక పరిశోధన కోర్సు అధ్యయనం ఎలా రూపొందించాలో చెబుతుంది. మనుషుల్ని ఎలా నియమించాలో, వారి నోటుబుక్కు ఎలా తనిఖీ చేయాలో, సాధించలేని గడువు ఇచ్చినప్పుడు వారు డేటాను 'సర్దే' ప్రమాదాన్ని ఎలా పసిగట్టాలో చెప్పదు. వార్డు అలవాటు ఇక్కడ ఎదురుతిరుగుతుంది. వార్డులో సీనియర్ ఆదేశం వెంటనే జరగాలి, ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి. ల్యాబ్‌లో జూనియర్ 'సార్, ఈ ఫలితం మళ్లీ రావట్లేదు' అని ధైర్యంగా చెప్పగలగాలి. అది వినలేని ల్యాబ్‌లో తప్పు ఫలితం పత్రికలో అచ్చయ్యేదాకా వెళ్తుంది.

దీనికి కొన్నిచోట్ల దొరికిన జవాబు పొత్తు. వైద్యుడు ప్రశ్నకూ రోగులకూ బాధ్యుడు, ల్యాబ్ రోజువారీ నడక శాస్త్రవేత్తది. ఇది కొత్తదేమీ కాదు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ల్యాబ్‌లో నడిపిన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేస్తే, బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకిచ్చారు. 1948లో వచ్చిన ఆ నివేదికలో 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గింది. రసాయనం తెలిసినవారు ఒకచోట, పిల్లల మంచం పక్కన ఉన్నవారు ఇంకోచోట.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. కంటి నల్లగుడ్డు అంచు మూలకణాలు దెబ్బతిన్న రోగులకు, మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో కణాలు పెంచి, దెబ్బతిన్న కంట్లో అమర్చే పద్ధతిని అక్కడ ఏళ్లపాటు చేశారు. దానికి శుభ్రగదులు, శిక్షణ ఉన్న సిబ్బంది, పెద్ద ఖర్చు కావాలి. ఆ తర్వాత వీరేందర్ సంగ్వాన్ బృందం ఆ ముక్కనే ఇంకా చిన్న తునకలు చేసి, ఉమ్మనీటి పొర మీద నేరుగా కంట్లోనే పేర్చే పద్ధతిని 2012లో ప్రచురించింది. కణాలు కంట్లోనే పెరుగుతాయి, ల్యాబ్ అక్కర్లేదు. ల్యాబ్‌లో ఏం జరుగుతుందో, ఆపరేషన్ బల్ల మీద ఏం కుదురుతుందో రెండూ తెలిసినవారికి తట్టే ప్రశ్న ఇది. వైద్యుల్ని ల్యాబ్‌కు దూరం చేస్తే పోయేది ఇలాంటివే.

'మీరు ఎలా చెప్తే అలా'

చికిత్స చేసే వైద్యుడే పరిశోధకుడైనప్పుడు సమ్మతిపత్రం విషయం సున్నితమవుతుంది. కాగితం తెలుగులోనే ఉంటుంది, నాలుగు పేజీలు. రోగి దాన్ని చూడకుండానే 'మీరు ఎలా చెప్తే అలా డాక్టరు గారూ, సంతకం ఎక్కడ పెట్టాలి?' అంటారు. అది నమ్మకం. సమ్మతి కాదు. కాదంటే వైద్యం సరిగా అందదేమోనన్న భయం అందులో ఎంతో డాక్టరుకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలని, నిరాకరిస్తే చికిత్సకు భంగం రాకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. ఆచరణలో పనిచేసే మార్గం చిన్నదే. వివరించేది, సంతకం తీసుకునేది ఆ రోగికి వైద్యం చేయని మరొకరు కావాలి. మళ్లీ ఒక మనిషి, మళ్లీ జీతం. కానీ ప్రాజెక్టు సిబ్బందిలో అత్యవసరమైన పోస్టు ఇదే అనుకోవడానికి కారణాలున్నాయి.

2019 నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాక, మందుల ట్రయల్ కాని వైద్య పరిశోధనను పరిశీలించే ఎథిక్స్ కమిటీలు కూడా ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదు కావాలి. విదేశీ భాగస్వామ్యం ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి వేరే. ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా నడిస్తే మొదటి ఏడాదిలో సగం పోతుంది. శాంక్షన్ రాకముందే ఎథిక్స్ కమిటీకి పెట్టుకున్నవారికి ఆ సగం మిగులుతుంది.

నాలుగో ఏడాది

గ్రాంటు ముగింపు అందరికీ తెలిసిన తేదీయే అయినా దాదాపు అందరినీ హఠాత్తుగా పట్టుకుంటుంది. రెండో గ్రాంటు దరఖాస్తు మూడో ఏడాదిలో వెళ్లాలి. దానికి చూపాల్సిన ఫలితాలు రెండో ఏడాదిలో రావాలి. పైన చెప్పిన ఆలస్యాల వల్ల రెండో ఏడాదిలో పని అప్పుడప్పుడే కుదురుకుంటూ ఉంటుంది. ఈ అంకగణితం వల్లే చాలా ల్యాబులు ఒక్క గ్రాంటుతో ఆగిపోయే ప్రమాదంలో పడతాయి. గ్రాంటు మూడేళ్లకు బదులు అయిదేళ్లయితే పోటీ పడేవారి సంఖ్యకు సరిపడా నిధులు చాలకపోవచ్చు. మొదటి ఏడాదిని 'స్థాపన కాలం'గా లెక్కించి గడియారాన్ని మొదటి శాంపిల్ నుంచి మొదలుపెట్టడం అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు.

ల్యాబ్ ఆగినా ఫ్రీజర్ ఆగదు. ప్రాజెక్టు ఖాతా మూసేశాక కరెంటు, వార్షిక నిర్వహణ ఒప్పందం ఏ పద్దులో పడతాయో ముందే తేల్చుకోని చోట అది విభాగంలో ఓ మూల, ఎవరిదో తెలియని పెట్టెలా మిగులుతుంది. లోపల వందల గొట్టాలు. వాటిని దాచిపెట్టి ఇంకో ప్రశ్నకు వాడుకోవచ్చని రోగుల దగ్గర సమ్మతి తీసుకున్నారా, తీసుకుంటే ఎన్నేళ్లకు, రిటైరైన పీఐ స్థానంలో ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అన్నవి మొదటి రోగి రక్తం తీయకముందే ప్రొటోకాల్‌లో రాసుకోవాల్సిన మాటలు.